అవును సార్

“మైలలో ఉన్నానండీ. లోపలికి రావచ్చా?”

గడప అవతలే నిలబడి అడిగాడు వరప్రసాద్. గడ్డం మాసి ఉంది. చేతిలో కారు తాళాలు చప్పుడు చేస్తున్నాయి. శంషాబాద్‌లో టిఫిన్ సెంటర్ మీదున్న ఆ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసుకి భయపడుతూ వచ్చే మనుషులు సింధూరకి కొత్త కాదు. అంత భయంలోనూ మైల సంగతి మరిచిపోని మనిషిని చూడడం మాత్రం అదే మొదలు.

“రండి, కూర్చోండి. ఇక్కడ దేవుళ్లెవరూ లేరు,” అన్నాడు పెద్దాయన భీమశంకరరావు. కుడిచెయ్యి బల్ల కిందికి జారి మోకాలి మీద ఆగింది. ఈ మధ్య ఎవరొచ్చినా ఆ చెయ్యి అక్కడికే వెళుతోంది.

వరప్రసాద్‌కి తొండుపల్లిలో ఒక లాడ్జి ఉంది. తెల్లవారుజామున విమానం ఎక్కాల్సినవాళ్లు ముందురోజు రాత్రి వచ్చి పడుకుంటారు. నిన్న పొద్దున పదకొండూ ఇరవైకి ఆ లాడ్జి ఆఫీసు గదిలో బీరువా అంటుకుంది. ఊడ్చే దుర్గవ్వ బకెట్టుతో నీళ్లు పోయబోతే పక్కనున్న తెర అంటుకుని, ఆమె చీరకి పాకింది. దవాఖానాలో ఉంది. స్పృహ లేదు.

“బీరువాలో ఏముంది?”

“దిగినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు, వాళ్ల ఆధార్ కాపీలు, కెమెరాల పెట్టె. ఎవరో మనిషి కనపడడం లేదట. మా లాడ్జిలో దిగాడేమో చూడాలి, రిజిస్టరు తెమ్మని పోలీసులు మొన్న చెప్పారు. నిన్న అది బూడిదైంది. నేనే తగలబెట్టానంటారు కదండీ?”

“మీరెక్కడున్నారు?”

“పెదనాన్నగారు పోయారు. ఇవాళ్టికి ఏడో రోజు. నేనూ మా ఆవిడ అలేఖ్యా విజయవాడ వెళ్లి వస్తున్నాం. దారిలో ఉండగా ఫోనొచ్చింది.”

బీరువాకి రెండు తాళంచెవులు. ఒకటి వరప్రసాద్ జేబులో ఉంది. రెండోది లాడ్జి చూసుకునే బావమరిది లలిత్ దగ్గర. లలిత్ నిన్న పదీ నలభైకి నలుగురు ప్రయాణికులను తన కారులో ఎక్కించుకుని విమానాశ్రయానికి వెళ్లాడు. మామూలుగా అది డ్రైవర్ అమ్మార్ పని. కాని మాటకి మాట చెప్పాడని లలిత్ అతన్ని మొన్ననే పొమ్మన్నాడు. మంటలు లేచేటప్పటికి లాడ్జిలో ఉన్నది ఇద్దరే. దుర్గవ్వ, బ్యాగు తీసుకుపోవడానికి వచ్చిన అమ్మార్.

* * *

‘ముందు ముక్కు, తరవాత కళ్లు, చివర చెవులు.’ భీమశంకరరావు పద్ధతి అది. మనుషులు వస్తువులను కడుగుతారు, మాటలను మారుస్తారు, వాసన సంగతి మరిచిపోతారు అనేవాడు. తొమ్మిదేళ్ల కిందట డిగ్రీ తప్పి, టైపు పని ఉందేమోనని వచ్చిన సింధూరను కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఆరు సీసాలు వాసన చూపించాడు. నాలుగు సరిగ్గా చెప్పింది. “డిగ్రీ పోతే పోయింది, రేపట్నించి రా,” అన్నాడు.

రెండు నెలల కిందట ఆఫీసులో పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. ఆయన పది అడుగుల దూరంలో పేపరు చదువుకుంటున్నాడు. సింధూర బయటినించి వచ్చి, కిటికీలు తెరిచి, గిన్నె తోమి పెట్టింది. ఏమీ అనలేదు. చేతి వణుకుకి మందులిచ్చే డాక్టరు, ఈ జబ్బులో వాసన ముందే పోతుందని ఆమెతో చెప్పాడు. ‘ఏం వాసనో చెప్పు చూద్దాం’ అని ఆయన పెట్టే పరీక్ష పరీక్ష కాదని అప్పుడే తెలిసింది. ఆమె చెప్పేది. ఆయన తలూపేవాడు. ఇద్దరూ ఆ ఆట అలాగే ఆడుతూ వచ్చారు.

లాడ్జిలో ఇన్‌స్పెక్టర్ అరుణ్‌కుమార్ వాళ్ల కోసమే ఎదురుచూస్తున్నాడు. అమ్మార్ వరండాలో కూర్చుని ఉన్నాడు. మోచేతిదాకా కట్టు. దుర్గవ్వ మీద దుప్పటి కప్పి ఈడ్చుకొచ్చింది అతనే. బయట లాడ్జి కారు డిక్కీలో సగం ఖాళీ అయిన పెట్రోలు డబ్బా ఉంది. భీమశంకరరావు దాన్ని చూశాడు. బీరువా పక్క రేకుకి కెమెరా తీగల కోసం చేసిన రంధ్రం దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

“ఆయనేం చేస్తున్నారు? వాసన చూస్తున్నారా?” లలిత్ నవ్వాడు. “దానికి మీరెందుకు సార్, పోలీసు కుక్క ఉందిగా!”

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి.

సింధూర మోకాళ్ల మీద కూర్చుని, కాలకుండా మిగిలిన కింది సొరుగు లాగింది. లోపలి రేకుకి తెల్లటి పొర పట్టి ఉంది. మూలన ఎర్రరంగు వేసిన అగరొత్తి అడుగు ముక్క. సొరుగులోంచి గుప్పుమని కర్పూరం వాసన వచ్చింది. తల ఎత్తితే గోడకి దేవుడి పటం కనిపించింది. పూజ సామాన్లు పెట్టుకుంటారు కాబోలు అనుకుంది. అలవాటు కొద్దీ ఆ ముక్కను పొట్లం కట్టి సంచిలో వేసుకుంది.

“ఆ తెలుపేమిటి? బూడిదేగా,” అన్నాడు భీమశంకరరావు. బీరువాలోకి వంగి, కళ్లు మూసుకుని, గట్టిగా గాలి పీల్చాడు. అందరూ చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని ఉన్నాడు. లలిత్ పెదవుల మీద నవ్వు ఇంకా పోలేదు.

“పెట్రోలు. తీగల రంధ్రంలోంచి పోశారు. కదూ, సింధూరా?”

ఒక్క క్షణం. ఆ ముసలి మొహంలో ఆమెకి కనిపించింది ప్రశ్న కాదు, బతిమాలడం.

“అవును సార్,” అంది.

ఆ సాయంత్రం అమ్మార్‌ని స్టేషన్‌కి తీసుకెళ్లారు.

* * *

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ గదిని మనసులో మళ్లీ చూసుకుంది. పటానికి వేసిన దండ ఎండి రాలిపోతోంది. కుందిలో వత్తి లేదు, దుమ్ము పట్టింది. ఏడు రోజులుగా ఆ లాడ్జిలో దీపం లేదు, హారతి లేదు. గడప దాటడానికే జంకిన వరప్రసాద్ బీరువాలో కర్పూరం ఎలా ఉంటుంది?

పొద్దున లేచి, అలాంటి అగరొత్తే కొని, వెలిగించి గడియారం ముందు పెట్టింది. నలభై మూడు నిమిషాలు పట్టింది.

ఆఫీసుకి వెళ్లగానే అడిగింది. “సార్, అది కర్పూరం అయి ఉండవచ్చా?”

“పెట్రోలని నువ్వేగా అన్నావు?” ఆయన ఆశ్చర్యపోయాడు. “నీ ముక్కు ఎప్పుడు తప్పింది కనక?” అన్నాడు, ఎంతో నమ్మకంగా. ఎడమచేత్తో మందుబిళ్లల అట్ట చింపుకోలేక అవస్థ పడుతున్నాడు. ఆమె బిళ్ల తీసి ఇచ్చింది.

మధ్యాహ్నం మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. అమ్మార్ తండ్రి ముష్తాక్. విమానాశ్రయంలో బండ్లు కడుగుతాడు.

“మీరేనా అమ్మా, వాసన చూసింది? పెట్రోల్ అన్నరంట కదా. మావోడు గట్ల చేసేటోడు కాదమ్మా. దుర్గవ్వ వాన్ని కొడుకా అని పిలుస్తది. పండుగొస్తే డబ్బాల సేమియా పట్టుకపోతడు ఆమెకు. ఆమెను వాడెట్ల కాలుస్తడు? జర మీ పెద్దసారుకు చెప్పుండ్రి.”

“చెబుతాను బాబాయ్,” అంది సింధూర. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.

మూడో రోజు దుర్గవ్వ చనిపోయింది. ఆమె ఊరు మంఖాల్‌లో అంత్యక్రియలు. ఇన్నాళ్లూ ఒక బీరువా కేసు. ఇప్పుడు హత్య.

* * *

ఐదో రోజు లాడ్జి హాల్లో అందరినీ కూర్చోబెట్టించాడు భీమశంకరరావు. వరప్రసాద్, అలేఖ్య, లలిత్. గోడ వారన ముష్తాక్. దుర్గవ్వ కూతురు కొండమ్మ తల్లి ఫొటో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య అమ్మార్ ఉన్నాడు.

“నా తల్లిని తిన్నవు కదరా,” అంది కొండమ్మ. “నీకు అన్నం పెట్టిన చెయ్యిరా అది.”

“అక్కా, నేను కాదే...” అన్నాడు అమ్మార్.

భీమశంకరరావు ఎడమచేత్తో కుర్చీ వీపు పట్టుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. గొంతు ఇంకా ఖంగుమంటూనే ఉంది. పని పోయిన కోపం, డిక్కీలో డబ్బా, తీగల రంధ్రం, ఆ సమయంలో ఉన్న ఒకే ఒక్క మనిషి. ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చాడు. ఎంత బాగా చెబుతాడో! మరో కేసైతే సింధూర మురిసిపోయేది.

“పెట్రోలు పోసినవాడు అక్కడే ఉండి అంటించాలి. కాబట్టి లేనివాళ్లను వదిలేయండి. అది పెట్రోలే అనడానికి నా మాట ఒక్కటే చాలదంటారు ఇన్‌స్పెక్టర్ గారు. అందుకే రెండో సాక్షి. చెప్పమ్మా సింధూరా, సొరుగు తెరిచినప్పుడు నీకు ఏం వాసన వచ్చింది?”

మళ్లీ అదే చూపు. మూడు అక్షరాలు అంటే చాలు. ఆయన పేరు నిలుస్తుంది. బహుశా ఆయనకిదే ఆఖరి కేసు, గౌరవంగా ముగుస్తుంది. గోడ వారన ముష్తాక్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో అతనికే తెలియదు.

“కర్పూరం, సార్,” అంది.

భీమశంకరరావు ఆమె వైపు తిరిగాడు.

“ఏమిటీ?”

“కర్పూరం. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. సొరుగులో ఉన్నది బూడిద కాదు, వేడికి లేచి మళ్లీ పట్టిన కర్పూరం. ఇది అందులో దొరికింది.” సంచిలోంచి కాగితం పొట్లం తీసి, ఎర్ర అగరొత్తి ముక్కను బల్ల మీద పెట్టింది.

“అబద్ధం ఎందుకు చెప్పావు?” ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

ఆమె అగరొత్తి ముక్క వైపే చూస్తూ ఉంది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. భీమశంకరరావు ఆమెను చూశాడు, వణుకుతున్న తన చేతిని చూసుకున్నాడు. ఇన్నాళ్లూ దాచిన ఆ చేతిని పైకి తీసి, అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాడు.

“ఎందుకంటే నాకు వాసన తెలియదు,” అన్నాడు. “ఏడాదైంది. ఆ అమ్మాయి నా పరువు కాపాడింది.”

కాసేపు కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేటప్పటికి ఆ మొహం వేరు. సింధూరకి తొమ్మిదేళ్లుగా తెలిసిన మొహం.

“కర్పూరమైతే అంతా తిరగబడుతుంది. కర్పూరం బిళ్లల్ని తీగల రంధ్రంలోంచి పోయలేరు. బీరువా తెరిచి పేర్చాలి. అంటే తాళంచెవి కావాలి. అగరొత్తి ఎందుకు? అది చివరిదాకా కాలాకే, తను వెళ్లిపోయాక కర్పూరం అంటుకోవాలని. అక్కడే ఉన్న అమ్మార్‌కి దానితో పనేముంది? ఎంతసేపు కాలుతుందమ్మా?”

“నలభై మూడు నిమిషాలు సార్. చూశాను.”

“పదీ నలభైకి బయల్దేరితే పదకొండూ ఇరవై. దూరంగా ఉన్నవాణ్ణి వదిలేయమన్నాను కదా, దూరంగా ఉన్నవాడే చేశాడు. తాళంచెవులు రెండే, ఒకటి లలిత్‌ది, ఒకటి వరప్రసాద్‌ది. అప్పటికి వరప్రసాద్ విజయవాడ దారిలో ఉన్నాడు. పైగా మైల. అప్పటికి ఆరు రోజులుగా ఈ లాడ్జిలో కర్పూరం ముట్టుకున్నవాళ్లు లేరు, బావగారి మైల అంటని బావమరిది తప్ప. పోలీసులు రిజిస్టరు అడిగిన మర్నాడే అది కాలింది. అందులో పేర్లు రాయకుండా గదులిచ్చి ఉంటావు. ఆ సంగతి బయటపడుతుందనే కదూ, లలిత్?”

“ముక్కు పనిచెయ్యదని మీరే ఒప్పుకున్నారు!” లలిత్ లేచాడు. “ఈవిడేమో అబద్ధం చెప్పానంటోంది. మీ మాట ఎవరు నమ్ముతారు?”

“నమ్మక్కర్లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “సొరుగు మా దగ్గరే సీలు వేసి ఉంది. ల్యాబ్‌కి పంపిస్తాను.”

“లలిత్!” అంది అలేఖ్య. తమ్ముడు అక్క కళ్లలోకి చూడలేక కూలబడ్డాడు.

“ముసల్ది గదిలోకి పోతుందని నాకేం తెలుసు,” అన్నాడు. “కాగితాలే కదా అనుకున్నా.”

కానిస్టేబుళ్లు అమ్మార్‌ని వదిలేశారు. అతను నేరుగా కొండమ్మ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. ఆమె అతని కట్టు మీద చెయ్యి వేసింది.

“పాడె మొయ్యనీకి కూడ లేకపోతి అక్కా,” అన్నాడు అమ్మార్. తరవాత సింధూర వైపు చూశాడు. “మీకు మొదటి దినమే ఎర్కనా మేడమ్?”

“అవును,” అంది.

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముష్తాక్ జోడించిన చేతులు విప్పి, కొడుకుని లేపి, ఆమె పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు.

* * *

తిరిగి వస్తుంటే వాన మొదలైంది. సింధూర కారు నడుపుతోంది. పక్కనే విమానాశ్రయం గోడ సాగుతోంది.

“ఆ రోజే కర్పూరమని ఉంటే,” అన్నాడు భీమశంకరరావు, “అక్కడే, నిలబడ్డచోటే చెప్పేవాణ్ణి, ఎవరో.”

“తెలుసు సార్.”

“ముక్కు పోయింది కాని బుర్ర పోలేదమ్మా. నువ్వు రెండూ పోయాయనుకున్నావు.”

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

“రేపు ఆఫీసు బోర్డు తీయించేద్దాం,” అన్నాడు. తన వైపు అద్దం కొంచెం దించాడు. చినుకులు మొహం మీద పడ్డా తుడుచుకోలేదు. కాసేపటికి అడిగాడు. “ఏం వాసన వస్తోంది?”

పరీక్ష కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

“తడిసిన మట్టి. విమానాల ఆయిల్.” గేరు మార్చింది. “మీ చొక్కా కూడా, సార్. మూడు రోజులై ఉంటుంది మార్చి.”

ఆయన తలూపాడు. తరవాత కాలరు ముక్కు దగ్గరికి తీసుకుని, చాలాసేపు గాలి పీల్చి చూశాడు.