పులికి నెలకి ఐదొందలు

"పులుల్ని కాపాడుకోవడానికి మీరు నెలకి ఎంత ఇవ్వగలరండీ?"

షాపులో చక్రం బిగిస్తున్న సైకిల్ మెకానిక్ తలెత్తాడు. ఎదురుగా సర్వే అమ్మాయి. చేతిలోని పానా ఉన్నచోటే ఆగిపోయింది.

"ఐదొందలు."

"ఈ వీధిలో వంద దాటి ఎవరూ చెప్పలేదు. ఇంకోసారి ఆలోచించుకోండి."

"మీరు అడిగిన తీరుకి వెయ్యి చెప్పాల్సింది. జేబు గుర్తొచ్చి ఆగాను."

సర్వే చేసేవాళ్లు నవ్వకూడదు. నవ్వితే జనం మొహమాటానికి పెంచి చెబుతారట. ఆమె పెదవులు బిగబట్టి ట్యాబ్‌లో ఐదొందలు కొట్టింది. సందు మలుపు తిరిగాక తనివితీరా నవ్వుకుంది.

వారం తిరక్కుండానే ఆ అంకె ఆమె సూపర్‌వైజర్ కంట్లో పడింది. ఆయన మీసాలకీ నవ్వుకీ ఎప్పుడూ పడదు.

"ఈ ఐదొందలు పులిక్కాదమ్మా, నీకు. ఈసారి నేనే వెళ్లి అడుగుతాను. తగ్గించి చెప్పాడా, నీ వీధి సర్వే మొత్తం కొట్టేస్తాను. నీ ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం."

ఆయన షాపులోకి వెళ్తే, గుండెలు అరచేత పట్టుకుని ఆమె బయట నిలబడింది. నిలబడ్డాక ఇంకో దిగులు మొదలైంది. అతను తగ్గిస్తే ఉద్యోగం పోతుంది. తగ్గించకపోతే, ఆ రోజు తను ఎదురుగా ఉన్నా ఆ మహానుభావుడు నిజంగా పులి గురించే ఆలోచించాడన్నమాట. ఆ ఊహకే ఆమెకి ఒళ్లు మండింది. తగ్గిస్తే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది కూడా.

"ఐదొందలేనండీ," లోపల అతని గొంతు తడబడలేదు. "ఈ నెలది పులుల నిధికి కట్టేశాను కూడా."

మీసాలాయన రసీదు చూసి, తలాడించి వెళ్లిపోయాడు. ఉద్యోగం నిలబడింది. ఆమె మొహం మాత్రం వాడిపోయింది.

"మీకు పులంటే మరీ అంత ఇష్టమని తెలీదు," అంది గుమ్మంలోంచే.

"ఆ రోజు పులి ఊసే నా బుర్రలో లేదండీ. మిమ్మల్ని చూసి నోరు జారాను. మీరు వెళ్లాక బెంగ పట్టుకుంది, మొదటి మాటే మీతో అబద్ధం చెప్పానే అని. అందుకే కట్టేశాను. కట్టినప్పట్నుంచీ పులులు ఎలా ఉన్నాయో అని రోజూ ఆరా తీస్తున్నాను. ఇప్పుడు అవి కూడా నచ్చాయి."

"అవి కూడానా?"

"అవి కూడా."

ఈసారి ఆమె పెదవులు బిగబట్టలేదు, నవ్వేసింది.

వెనకాల ట్యూబుని నీళ్లలో ముంచి పంక్చర్ వెతుకుతున్న అతని తల్లి తలెత్తింది.

"చూడమ్మాయ్, వారం నుంచి వీడు అన్నం ముందు కూర్చుని పులి కబుర్లే. వినలేక చస్తున్నాను. ఇకమీదట ఆ కబుర్లేవో నువ్వే విను. లోపలికొచ్చి కూర్చో."

ఆమె ట్యాబ్ సంచిలో పెట్టేసి, లోపలికి వెళ్లి కూర్చుంది.