అమ్మ పిలవని పేరు

అలా నవ్వుతూ రాస్తే అక్షరాలు వంకరపోతాయమ్మా, శిరీషా. నీ సంగతే చెబుతున్నానని నాకూ తెలుసు. నువ్వు వచ్చిన చోట 'నేను' అని రాయకు, శిరీష అనే రాయి. మీ అమ్మ వచ్చిన చోట అనురాధ అని రాయి, లేకపోతే వినేవాళ్ళకి తికమక. మీ అక్క పేరు మటుకు నా నోట రాదు. అది మీ మామ్మ పేరు. మా రోజుల్లో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచిన మగాడు ఈ బండారులంకలో లేడు. నేను పెద్దది అంటాను. ఒక్కచోట పేరు కావాలి. అక్కడ నువ్వే రాద్దువుగాని.

మొన్న మంగళవారం పొద్దున్న. నా కొడుకు జగ్గారావు అప్పటికే మగ్గం గుంటలోకి దిగి చీర నేస్తున్నాడు. కోడలు అనురాధ అరుగు మీద నా పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. పురిటికి వచ్చిన శిరీష నట్టింట్లో ఉయ్యాల ఊపుతోంది. శుక్రవారం బారసాల. అందుకే పెద్దది సెలవు పెట్టి రాజమండ్రి నుంచి వచ్చింది. అక్కడ ఆస్పత్రిలో నర్సు.

"మామ్మగారూ! స్నానం అయ్యిందా అండీ? కాఫీ చల్లారిపోతోంది," అని కేకేసింది అనురాధ.

"ఆయ్, వస్తున్నా," అంది పెద్దది లోపలి నుంచి.

అంతలో గుమ్మంలో పడున్న తడి తువ్వాలు అనురాధ కంటబడింది. గొంతు మారిపోయింది.

"శిరీషా! బాలింతవి కదాని ఊరుకుంటుంటే, తడి గుడ్డలు గుమ్మంలో పారేస్తావా?"

"అది నాది కాదే అమ్మా. మీ అత్తగారిది. వెళ్ళి ఆవిణ్ణే అడుగు."

అనురాధ నాలిక్కరుచుకుంది. తువ్వాలు తనే తీసి దండెం మీద ఆరేసింది. పెద్దదాన్ని ఒక్క మాట అనలేదు.

మా ఇంట్లో ఇది కొత్త కాదు. మా ఆవిడ పోయిన ఏడాదికి పెద్దది పుట్టింది. ఆవిడ పేరే పెట్టాం. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు. ఆ పేరు పెట్టి తిట్టడం అసలే కుదరదు. అందుకని అనురాధ 'మామ్మగారూ' అనడం మొదలెట్టింది. పొత్తిళ్ళలో పిల్లని "మామ్మగారూ, పాలు తాగుతారా అండీ" అంటుంటే వీధి వీధంతా ముచ్చటపడేది. పిల్ల పెరిగింది, పరికిణీ కట్టింది, చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. తరవాత పుట్టిన శిరీషకి ఏ పెద్దవాళ్ళ పేరూ లేదు. అది నోరారా తిట్టుకోవడానికి వీలైన పేరు.

ఒకసారి పిల్లలిద్దరూ మగ్గం కింద దూరి ఆడుతుంటే పెద్దదాని గాజు తగిలి పడుగు పోగులు బోలెడు తెగిపోయాయి. నిలువుగా సాగదీసి కట్టిన నూలది. ఒక్కొక్క పోగూ ముడేసుకుంటూ కూర్చోవాలి. అనురాధ పరిగెత్తుకొచ్చి పెద్దదాని రెక్క పట్టుకుంది. చెయ్యెత్తింది. తిట్టడానికి పేరు రాలేదు. "శిరీషా!" అని అరిచింది. దెబ్బ కూడా అటే పడింది.

అప్పట్నుంచి శిరీషకి అక్కంటే కుళ్ళు. అట్లతద్దికి ఉయ్యాల మొదట మామ్మగారికి. పూలమ్మి బుట్ట దింపితే మొదటి దండ మామ్మగారికి. జగ్గారావు మంచి జరీ అంచు చీర నేశాడంటే, అమ్మ పేరున్న పిల్లకంటూ పక్కన పెట్టేసేవాడు. శిరీష గోడవైపు తిరిగి పడుకుని, "నాకెందుకు పెట్టేరు ఈ పనికిమాలిన పేరు?" అని ఏడ్చేది. నవ్వకు, రాయి. ఈ చెవులతో విన్నాను.

సరే, ఆ పొద్దున్న తువ్వాలు ఆరేసి అనురాధ వచ్చి కూర్చోగానే శిరీష ఉయ్యాల ఊపడం ఆపింది.

"నా పిల్లకి పేరు ఖాయం చేసేనమ్మా. మామ్మ పేరే పెడతాను. మీ అల్లుడుగారూ సరేనన్నారు."

"అదేంటే? ఏదో కొత్త పేరన్నావు కదా?"

"కొత్త పేర్లు తిట్లు తినడానికే. నా కూతుర్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. రేపు అది జాడీ పగలగొట్టినా 'మామ్మగారూ, చేతికి తగల్లేదు కదండీ' అనాలి నువ్వు."

మగ్గం చప్పుడు ఆగింది. పెద్దది తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ పేరు నాది," అంది.

"నీ పేర రాసిచ్చేరా ఏంటి? ఇన్నాళ్ళూ అడ్డం పెట్టుకుని బతికేవు చాల్లే. నువ్వు తెంపిన పోగులకి నేను దెబ్బలు తిన్నాను. నువ్వు ఒలకబోసిన పాలకి నేను తిట్లు తిన్నాను. ఒక్కసారైనా 'నేనే చేసేనమ్మా' అన్నావా?"

"అన్నాను. ప్రతిసారీ అన్నాను. 'మీరు లోపలికి వెళ్ళండి' అంది అమ్మ." పెద్దది గుమ్మం దాటి ముందుకొచ్చింది. "కన్నతల్లి నన్ను మీరంటుంది. నీకది గొప్పగా కనిపించిందా?"

"ఆయ్, కనిపించింది!"

"వాన పడితే అమ్మ గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడేది, గుర్తుందా? అందరి అమ్మలూ వాళ్ళ పిల్లల్ని పేరు పెట్టి పిలిచేవారు. మనమ్మ 'శిరీషా' అనేది. ఇద్దరం పరిగెత్తేవాళ్ళం. నీ పేరుకి నేనూ పరిగెత్తేదాన్నే!"

శిరీష తల దించుకుని ఉయ్యాల తాడు సర్దింది. పెద్దది ఆపలేదు.

"ఆస్పత్రిలో చేరిన కొత్తలో పెద్ద సిస్టరుగారు వార్డంతా వినపడేలా నా పేరు పెట్టి తిట్టేరు. పక్కవాళ్ళు జాలిపడ్డారు. నాకు ఎంత బాగుందో ఎవరికి చెప్పుకోను? పెట్టుకోవే, తీసుకో ఆ పేరు. అది నాకు ఎప్పుడు దక్కింది గనక? మామ్మగారన్న పిలుపు కూడా నీ కూతురికి పోయేక, ఈ ఇంట్లో నన్నేమని పిలుస్తారో అది చెప్పు చాలు."

పెద్దది బ్యాగు భుజాన వేసుకుంది. జగ్గారావు గుంటలోంచి లేచేలోపు వీధిలో పోతున్న ఆటో ఆపి ఎక్కేసింది.

అనురాధ రాట్నం పక్కకి తోసేసి గేటు దాకా పరిగెత్తింది. "మామ్మగారూ! ఆగండి!" అంది. ఆటో ఆగలేదు. అనురాధ గేటు చువ్వలు పట్టుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. వెనక్కి తిరిగి, వసారాలో ఉన్న అత్తగారి ఫొటోకి రెండు చేతులూ జోడించింది. మళ్ళీ రోడ్డువైపు తిరిగి, నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది.

ఇక్కడ పేరు రాయమ్మా.

"సీతారత్నం! ఒసే సీతారత్నం! తడి తువ్వాలు గుమ్మంలో పారేసి ఎక్కడికే పోతున్నావు, తల్లీ!"

అప్పటికే ఆటో కాలవ వంతెన దాటిపోయింది. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. అనురాధ అక్కడే కూలబడింది.

"ఇంత తేలికైన పేరా మావయ్యగారూ, ఇన్నేళ్ళూ నా నోట రానిది?" అంది నాతో. నేనేం చెప్పను? నాకూ ఆ పేరు రాదాయె.

శిరీష పిల్లని ఎత్తుకుని వచ్చి తల్లి పక్కన మట్టిలోనే కూర్చుంది.

"నా కూతురికి ఆ పేరు వద్దమ్మా. అది అక్కదే. అక్కని తిట్టు. ఇన్నేళ్ళవీ కలిపి తిట్టు, నేను పక్కన కూర్చుని వింటాను." ముక్కు తుడుచుకుని మళ్ళీ అంది. "అన్నీ దానికే పోసెయ్యకు. నాకూ కొంచెం ఉంచు."

అనురాధ ఏడుస్తూనే శిరీష నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

అయిపోయింది. ఇంకేం లేదమ్మా. రేపే బారసాల. పెద్దది వాళ్ళ అమ్మ ఫోను ఎత్తడం లేదు, నాన్న ఫోనూ ఎత్తడం లేదు. నీ ఒక్కదాని ఫోనే ఎత్తుతోంది కదా. ఇదంతా దానికి చదివి వినిపించు. మెల్లగా చదువు. నీ కుళ్ళు సంగతి కూడా దాటెయ్యకుండా చదువు. గేటు దగ్గర మీ అమ్మ అరిచిన చోటుకి వచ్చేసరికి మాత్రం ఆగు. ఆ పేరు నువ్వు చదవకు.

ఫోను మీ అమ్మకియ్యి.