తప్పులు మాన్పే రేకు

ఇంట్లో విమానం కడుతున్నప్పుడు వంటింట్లోకి వెళ్ళాలంటే రెక్క కింద నుంచి పాక్కుంటూ పోవాలి. 2078 నాటి కోనసీమలో ఏ ఇల్లాలినడిగినా ఈ మాట చెబుతుంది. గోదావరి పాయలు వంతెనల్ని ఒక్కొక్కటిగా మింగేశాక లంకల మధ్య తిరగడానికి ఇంటికో రెక్కబండి తప్పనిసరైంది. విడిభాగాలు పెట్టెల్లో వస్తాయి, కట్టుకోవడం మన తిప్పలు. మోక్షిత ఇంట్లో సోఫా వరండాలోకి, టీవీ అటక మీదకి పోయాయి. ఆవిడ భర్త ధృవ "నాకు పడుకోడానికి చోటేదీ?" అని నాలుగు రోజులు గొణిగి, బండి ఎగిరాక కబురు పెట్టమని చెప్పి అన్నగారింటికి చక్కా పోయాడు.

ఇక మిగిలింది వదినా మరదళ్ళిద్దరు. మోక్షిత పాలిటెక్నిక్‌లో డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కంట్లో నలుసు పడ్డట్టు గిలగిల్లాడిపోతుంది. ధృవ చెల్లెలు లాస్య లంకల్లో పశువుల డాక్టరు. దూడ అడ్డం తిరిగిందని కబురొస్తే, పడవ దొరికేలోపు ఆవు ప్రాణం పోతోందని ఏడ్చి రెక్కబండి కొనిపించింది ఆమే. నడపబోయేదీ ఆమే. మనసు వెన్నే గానీ, చెయ్యి మాత్రం మహా తొందర చెయ్యి. మొదటి రోజే నక్షా తిరగేసి పట్టుకుని, ఎడమ రెక్కకి పెట్టాల్సిన బెజ్జాలు కుడి రెక్కకి పెట్టేసింది.

పాతకాలంలో అయితే ఆ రేకు పారేసుకోవడమే. ఇప్పుడు వచ్చేది మానే రేకు. దాని లోపల కంటికి కనబడనంత సన్నటి నాళాలు, వాటి నిండా జిగురు ఉంటాయి. తప్పు బెజ్జం చుట్టూ చెరుపు కలంతో ఒక గీత గీస్తే చాలు, పుండు మానినట్టు తెల్లారేసరికి పూడిపోతుంది. మచ్చ కూడా మిగలదు. ఎండ తగిలితే ఇంకా త్వరగా మానుతుంది. ఈ పనంతా చూసుకునేది రేకులోనే ఇమిడి ఉన్న ఒక బుద్ధియంత్రం, పేరు కూర్పరి. డ్రిల్లు పిడి మీద ఎవరి చెయ్యి ఉందో, చెరుపు కలం ఎవరు పట్టారో దానికి తెలుసు. చూసి చూసి ఆ ఇంటివాళ్ళ తప్పుల తీరు పట్టేస్తుంది. ఆ తర్వాత ఎవరూ గీత గియ్యకపోయినా, తప్పనిపించినదాన్ని తనంతట తనే మాన్పేస్తుంది.

"ఎలా ఉందొదినా?" అంది లాస్య ఆ మొదటి రోజు, ముక్కు మీద చెమట తుడుచుకుంటూ.

"భేషుగ్గా ఉందే!" అంది మోక్షిత.

నిజం చెబితే పిల్ల మొహం చిన్నబోతుందని ఆవిడ భయం. ఆడపడుచుని నొప్పించిందన్న మాట పడడం ఆవిడ వల్ల కాదు. పైగా లాస్యంటే ప్రాణం. వంటలోనూ ఇంతే. లాస్య పులుసు పెడితే పళ్ళు పులిసిపోతాయి. ఆమె అటు తిరగ్గానే మోక్షిత ఇంత బెల్లంముక్క గిన్నెలో పడేసి, "అమృతంలా ఉందమ్మా" అంటూ వడ్డించేది. రేకు దగ్గరా అదే పద్ధతి పెట్టుకుంది. మధ్యాహ్నం లాస్య ఆస్పత్రికి వెళ్ళగానే చెరుపు కలం తియ్యడం, మర్నాడు ఆమె లేచేలోపు తనే కొత్త బెజ్జాలు పెట్టేయడం.

"చూశావా, నా చెయ్యి తిరిగిపోయింది!" అని మురిసిపోయింది లాస్య, తోక భాగం పని నడుస్తుండగా.

"చూడకేం!" అంది మోక్షిత. ఆ మధ్యాహ్నం ఆ బెజ్జాలన్నీ చెరిపేసింది.

ఎగరబోయే ముందురోజు సాయంత్రానికి ఒక్క పని మిగిలింది. బండిని పక్కకి తిప్పాలంటే కుడి రెక్క అంచున ఉన్న చిన్న రెప్ప ఆడాలి. దాన్ని ఆడించే కడ్డీకి రేకులో ఒక కంత కావాలి. లాస్య ఊపిరి బిగబట్టి ఆ కంత కోసింది. ఆమె స్నానానికి వెళ్ళాక మోక్షిత ఎందుకో స్కేలు తీసి కొలిచింది. నమ్మకం కలగక మళ్ళీ కొలిచింది. ఎక్కడా వంక లేదు. "ఓసి దొంగపిల్లా!" అని నవ్వుకుని చెరుపు కలం పెట్టెలో పడేసింది.

పొద్దున్నే బండిని కాలవగట్టు రోడ్డు మీదకి తోసుకొచ్చేసరికి వీధి వీధంతా తరలివచ్చింది. మోక్షిత రేడియో పట్టుకుని నిలబడింది. రెక్కబండి చెంగున లేచేసరికి జనం ఈలలు వేశారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. రెండు చుట్లు బాగానే తిరిగింది.

"వదినా, నడిపే కర్ర కుడివైపుకి రావట్లేదు," రేడియోలో లాస్య గొంతు. "బిగుసుకుపోతోందొదినా. గట్టిగా లాగినా రావట్లేదు."

మోక్షిత రేడియో నోటికి దగ్గరగా పెట్టుకుంది. "కూర్పరీ! కుడి రెక్కలో ఏమైంది?"

"కంత మానుతోందండి," అంది యంత్రం రేడియోలోంచి తాపీగా. "ఎండ బాగా కాస్తోంది. కాసేపట్లో పూర్తిగా పూడిపోతుంది."

"ఎవరు మాన్పమన్నారే నిన్ను!"

"లాస్యగారు కోసిన కంత కదండీ. ఆవిడ చేసినవన్నీ మీరు చెరిపించారు. రాత్రంతా చూసినా దీనికి గీత పడలేదు, మరిచిపోయారనుకుని ఎండెక్కాక నేనే మొదలెట్టాను."

రేడియో తెరిచే ఉంది. వీధంతా విన్నది. పైనున్న లాస్య కూడా విన్నది.

"అది సరైన కంతే! నేనే కొలిచాను. ఆపు, నీకు దణ్ణం పెడతాను, ఆపు!"

"కంగారులో అన్న మాట కన్నా కుదురుగా చేసిన పనినే నమ్మమని నా తయారీ అండి. ఆవిడ చెయ్యి పడితే తప్పేనని ఇన్నాళ్ళూ మీరే నేర్పారు. మీరు చెరిపినవాటిలో ఒప్పులు కూడా ఉన్నాయా? ఉంటే ఎక్కడివో చెప్పండి. పాత కొలతలు తీసి చూస్తాను."

మోక్షిత ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. మొదట్లోవి నిజంగా తప్పులే. ఆ తర్వాతవో? స్కేలు ఎప్పుడు పక్కన పెట్టేసిందో ఆవిడకే తెలీదు. లాస్య చెయ్యి పడిందంటే వంకరే అనుకుని గీత గీసుకుంటూ పోయింది.

"తోక పని మొదలెట్టినప్పట్నుంచీ చూడు," అంది.  "అప్పట్నుంచి నేను ఒక్కటీ కొలవలేదు. లాస్య చేసిందని చెరిపేశాను. అంతే. అవి తప్పులో ఒప్పులో నాకు తెలీదు."

 నెత్తి మీద ఇంజను మోత ఒక్కటే వినిపిస్తోంది.

"చూశానండి," అంది కూర్పరి. "ఒకటీ అరా తప్పితే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ చెయ్యి బాగుపడి చాలా రోజులైంది. జిగురు ఇంకా గట్టిపడలేదు, వెనక్కి లాగి కంత తెరుస్తున్నాను."

"కర్ర వదులైంది," అంది రేడియోలో లాస్య. ఈసారి వదినా అనలేదు.

బండి దిగాక లాస్య జనాన్ని తప్పించుకుని నేరుగా వచ్చింది.  "నేను కట్టానన్న ధైర్యంతోనే ఎక్కానొదినా. ఇందులో నాదంటూ ఏమన్నా ఉందా?"

మోక్షిత కుడి రెక్క వైపు చెయ్యి చూపించింది. "ఆ కంత నీదే. దాన్ని నేను ముట్టుకోలేదు. నేనైనా అంత బాగా కొయ్యలేను."

లాస్య ఆ కంత అంచుని చాలాసేపు వేలితో తడిమింది. తర్వాత ఇంటిదారి పట్టింది.

బండిని మళ్ళీ ఇంట్లోకి తోయించాక, ఆ మధ్యాహ్నం పులుసు తనే పెట్టింది. గిన్నె వదిన ముందు టక్కున దించి, ఎదురుగా కూర్చుంది. "ఎలా ఉంది?"

మోక్షిత ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి. ఎప్పుడూ అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చచ్చేంత పుల్లగా ఉందే," అంది, కళ్ళనీళ్ళతో.

లాస్య ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసింది. లేచి, రెక్క కింద నుంచి వంటింట్లోకి పాక్కుంటూ వెళ్ళి, బెల్లం డబ్బా తెచ్చి తన ముందే పెట్టుకుంది.

"ఎంతెయ్యాలో చెప్పు," అంది. "నేనేస్తాను."