కదులుతూనే ఉన్న మౌసు

"నేను చెయ్యలేదు సార్! చేసిందెవరో తేలకపోతే సాయంత్రం నా మీద పోలీసు కేసు పెడతారట."

వినికిడి యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఆమె సిస్టమ్స్ ఆఫీసరు. కంప్యూటర్లకు కాపలా ఆమె పని. కొత్త యంత్రం డిజైను సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి డిజైనరు కంప్యూటర్లోంచి పోటీ కంపెనీకి వెళ్లిపోయింది. అప్పుడు డిజైనరు భోజనాల గదిలో పదిమంది మధ్య ఉన్నాడు. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ప్రతి కంప్యూటరుకూ దానంతటదే తాళం పడుతుంది. ఆ రోజు మాత్రం పడలేదు. ఆ ఏర్పాటును ఆపగలిగేది ఆమె ఒక్కతే.

"కంచే చేను మేసిందన్నారు సార్, అందరి ముందూ!" అంటూ బావురుమంది.

డిటెక్టివు వెంట తిరిగే బావమరిదికి ప్రాణం ఉసూరుమంది. బావ మాత్రం చెప్పులేసుకుంటూ "పద" అన్నాడు. ఆ మాట వచ్చిందంటే సగం కేసు తేలినట్టేనని బావమరిది నమ్మకం.

కంపెనీ గుమ్మంలో సేల్స్ మేనేజరు ఎదురై, ఎడమచేత్తో గబగబా రెండు అనుమతి చీటీలు రాసిచ్చాడు.

"దొంగ దొరికాక మీరెందుకండీ, శ్రమ?"

"సోమవారం మీరెక్కడ భోంచేశారు?"

"నా గదిలోనే. పనెక్కువ."

లోపల తన బల్ల దగ్గర డిజైనరు ఖాళీ మణికట్టు చూసుకుని టైమెంతని అడిగాడు. వాచీ ఉండాల్సిన చోట చర్మం తెల్లగా ఉంది.

"భోంచేసి వచ్చాక ఏదైనా తేడా కనిపించిందా?" అన్నాడు డిటెక్టివు.

"మౌసు ఎడమపక్కకి జరిగుంది. బటన్లు కూడా తారుమారయ్యాయి. సరిచేసుకున్నా."

నాలుగింటికి అందరూ యజమాని గదిలో చేరారు. డిటెక్టివు డిజైనరు వైపు చెయ్యి చాచాడు.

"చేతికి పెట్టుకోకుండా దాచిన మీ వాచీ ఇటివ్వండి."

డిజైనరు జేబులోంచి తీసిచ్చిన వాచీని యజమాని కంప్యూటరు ముందు వెల్లకిలా పెట్టి, దాని మీద మౌసు ఉంచాడు. రెండు నిమిషాలు దాటాయి. మూడు దాటాయి. తాళం పడలేదు.

"కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే ఎవరో మౌసు కదుపుతున్నారనుకుంటుందీ పిచ్చిమాలోకం. తాళాన్ని ఈమె ఆపలేదు, ఈయన బద్ధకం ఆపింది. తెరిచున్న కంప్యూటరు దగ్గర కూర్చున్నవాడు అలవాటు కొద్దీ బటన్లు మార్చుకున్నాడు, తిరిగి మార్చడం మరిచాడు. భోజనాల గదికి రానివాళ్లు ఇద్దరే, ఈమె, మీరు. అందులో ఎడమచేతివాటం మీదేగా, మేనేజరు గారూ?"

మేనేజరు "వాళ్లు పెద్ద పదవి ఇస్తామన్నారు..." అని గొణిగాడు. అమ్మయ్య! అనుకున్నాడు బావమరిది.

డిజైనరు తల దించుకున్నాడు. "కాగితం మీద గీస్తుంటే రెండు నిమిషాలకే తాళం పడుతుందమ్మా. మాటిమాటికీ పాస్‌వర్డు కొట్టలేక..."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నయ్యా! మీ గుర్తింపు కార్డు దగ్గరుంటే కంప్యూటరు తెరిచుండి, మీరు లేస్తే మూసుకునేలా పెట్టేదాన్ని. నేనూ అడగలేదు లెండి. ఇకమీద డిజైను గడప దాటాలంటే ఇద్దరు ఒప్పుకోవాల్సిందే."

యజమాని లేచి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. నువ్వెలా చెబితే అలాగే. రేపే మొదలుపెట్టు."

ఆమె కళ్లు తుడుచుకుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"రేపు రాను సార్. రేపంతా నిద్రపోతాను."