అత్తగారి సాక్ష్యం

"నన్నెందుకు పిలిచారే? నేనేం నేరం చేశానని?" మానవ హక్కుల కమిషన్ నుంచి వచ్చిన సమన్లు చూసి అత్తగారు వణికిపోయింది.

కోడలు ఏం చెబుతుంది? చేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయని బేకరీ యజమాని ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. అది అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా వినలేదు. గత్యంతరం లేక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఇప్పుడు యజమాని తరఫు లాయరు, ఆమె అత్తగారినే సాక్ష్యానికి పిలిపించమన్నాడట... ఎందుకో కోడలికి తెలుసు!

మచ్చలు కనిపించిన నాటి నుంచి అత్తగారు ఆమె చేతి మెతుకు ముట్టలేదు. వేరే పొయ్యి, వేరే గిన్నెలు! లారీతో ఊళ్ళు పట్టుకు తిరిగే భర్తేమో ఫోనులో, "అమ్మ సంగతి తెలిసిందేగా, సర్దుకుపో" అంటాడు. సర్దుకుపోయి, సర్దుకుపోయి ఆమె వంటింటి మూలకు చేరింది. ఒక్కతే వండుకుని, ఒక్కతే తిని, గోడతో మాట్లాడుకునేది... పాపం, ఆ గోడ మాత్రం ఎన్నాళ్ళని వింటుంది!

విచారణ గదిలో కమిషన్ అధ్యక్షురాలు నెమ్మదిగా అంది. "భయపడకండమ్మా. సాక్షుల్ని పిలిపించి, ప్రమాణం చేయించి అడిగే అధికారం మాకుంది. ఉన్నది చెప్పండి, చాలు."

అత్తగారు ప్రమాణం చేసింది. లాయరు లేచాడు.

"మీ కోడలి చేతి వంట మీరు తింటున్నారా?"

సొంత అత్తే దూరం పెట్టినదాన్ని పైవాళ్ళు ఎందుకు దగ్గరకు రానిస్తారు? కోడలు బల్ల కింద చేతులు దాచుకుని తల వంచుకుంది. అత్తగారు ఆమె వైపు ఒక్క క్షణం చూసింది.

"ఎందుకు తినను? రోజూ తింటాను! దాని వంటకేం, లక్షణంగా ఉంటుంది!"

కోడలు చటుక్కున తలెత్తింది.

"లాయరుగారూ, ఈవిడ తినకపోయినా ఆ అమ్మాయి హక్కు ఎక్కడికీ పోదు," అంది అధ్యక్షురాలు. "తిరిగి చేర్చుకోమని సిఫారసు చేస్తాం. మీ యజమాని వినకపోతే మేమే కోర్టుకు వెళతాం."

ఇంటికి రాగానే కోడలు ఉండబట్టలేక అడిగింది. "అలా ఎందుకు చెప్పారత్తయ్యా?"

"పైవాడెవడో నిన్ను తీసిపారేస్తుంటే నోరు మూసుకోమంటావా? ఇంట్లో నేను సవాలక్ష అనుకుంటాను!"

ఆ సాయంత్రం అత్తగారు తన పొయ్యి వెలిగించలేదు. చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"పెట్టు."

"అత్తయ్యా...!"

"ప్రమాణం చేసి మరీ చెప్పొచ్చాను. ఇప్పుడు తినకపోతే కళ్ళు పోతాయి!"

వడ్డించింది కోడలు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మందు మింగినట్టు మొదటి ముద్ద మింగింది. అది ప్రేమ కాదు, అబద్ధపు ప్రమాణం చేశానన్న భయమే... కోడలికి తెలియకపోలేదు. ఆ సంగతి గుండెలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఎన్నాళ్ళకు ఆ వంటింట్లో ఇంకో మనిషి అన్నం తింటోంది!

అత్తగారు మెల్లగా కళ్ళు తెరిచింది. రెండో ముద్ద కలుపుతూ ముఖం చిట్లించింది.

"ఉప్పు చాల్లేదే!"

కోడలు ఉప్పు డబ్బా అందుకోబోయి, అక్కడే కూలబడి భోరుమంది.