పాగా పట్టని కారు

“సార్, రేపు పాగా కట్టుకుని వచ్చి ఇంకోసారి కూర్చోండి. అప్పుడు బుక్ చేద్దాం.”

షోరూమ్ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఆ రోజు ఆదివారం. తలస్నానం చేసి, జుట్టు ఆరీ ఆరకముందే చిన్న గుడ్డ చుట్టుకుని, చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాను. నల్లటి సెడాన్. మెత్తటి తోలు సీట్లు. తలుపు వేస్తే బయట లూధియానా అనే ఊరుందన్న సంగతే మర్చిపోతాం.

“నా తల ఎంతుంటుందో నాకు తెలుసండీ!”

“మీ తల సంగతి మీకు తెలుసు. ఈ పైకప్పు సంగతి నాకు తెలుసు సార్.”

“పెద్ద బండి అంటగట్టాలని చూస్తున్నారు కదూ?”

“ఇంట్లో ఎంతమంది?”

“ఆరుగురం. అందుకే ఈ కారు!”

ఆమె ఫక్కున నవ్వింది. కోటు మీద పేరు సీరత్ అని ఉంది.

నా బాధ ఆమెకేం తెలుసు? నాన్నకీ తాయాజీకీ, అంటే మా పెదనాన్నకీ, ఒకటే స్వెట్టర్ల ఫ్యాక్టరీ, ఒకటే వంటిల్లు, ఒకటే బండి. గురుద్వారాకైనా పెళ్ళికైనా అందరం కలిసే వెళ్ళాలి. అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి వెనక ఇరుకు సీటు నాది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఒళ్ళో లస్సీ క్యాన్ పట్టుకుని పంజాబంతా తిరిగాను. ఒలికితే తిట్లు కూడా నాకే. “తేగ్‌బీర్! జాగ్రత్తరా!” అని ఐదుగురూ ఒకేసారి అరుస్తారు. ఇక నాకంటూ ఒక కారు ఉండాలి, అందులో లస్సీ క్యాన్ ఎక్కకూడదు. అంతే.

మర్నాడు పంతం కొద్దీ పాగా బాగా ఎత్తుగా కట్టుకుని వెళ్ళాను. కారులో కూర్చుని తలుపు వేసుకున్నాను. పాగా పైకప్పుకి తగిలి ఆగిపోయింది. మెడ ఎడమవైపు వాల్చాల్సి వచ్చింది.

“మెడ పట్టేసిందా సార్?” అంది సీరత్ కిటికీలోంచి.

“లేదండీ. నేను ఆలోచించేటప్పుడు ఇలాగే ఉంటాను.”

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆ ఆపుకోవడం చూశాక నా పని అయిపోయింది.

ఆ తర్వాత తెల్ల రంగు చూడటానికి ఒకసారి, పెద్ద ఎస్‌యూవీ చూడటానికి ఒకసారి, స్టెప్నీ చూడటానికి ఇంకోసారి వెళ్ళాను. సిగ్గు లేకుండా టీ కూడా తాగాను. తాగుతూ నా వెనక సీటు కష్టాలన్నీ ఆమెకు చెప్పుకున్నాను.

టెస్ట్ డ్రైవ్ రోజున వాన దంచికొట్టింది. మెడ వాల్చుకునే సెడాన్ నడుపుతున్నాను. సీరత్ పక్క సీట్లో ఉంది.

“ఎదురొచ్చేవాళ్ళు మీరు వాళ్ళని పలకరిస్తున్నారనుకుంటారు” అంది.

“అనుకోనీండి. మర్యాదే కదా.”

“నిజం చెప్పనా? మీ వెనక సీటు కథ వింటే నాకు కుళ్ళు పుడుతోంది. మా ఇంట్లో అమ్మా, నేనూ, అంతే. బుల్లి కారు కొన్నాం. దాని వెనక సీట్లో కూరగాయల సంచీ తప్ప ఎవరూ కూర్చోలేదు. అమ్మ దానికి బెల్టు కూడా పెడుతుంది.”

నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఏదో ఒకటి అనాలనుకుని, “ఏసీ తగ్గించనా?” అన్నాను. నా మొహానికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

అసలు చిక్కు శనివారం వచ్చింది. నేను వెళ్ళేసరికి మేనేజర్ గదిలోంచి గట్టిగా అరుపులు. సీరత్ ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చింది.

“మీరు ఇన్నిసార్లు వచ్చినా ఏదీ తేల్చలేదు కదా సార్. నాకు అమ్మడం చేతకాదట. రేపు సాయంత్రంలోగా తేలకపోతే మిమ్మల్ని ఇక్కడి ఇంకో సేల్స్‌మన్ గగన్‌కి అప్పగిస్తారు. కొంటారా, కొనరా, అది చెప్పండి చాలు.”

“నేను... రేపు చెప్తాను.”

“అలాగే” అని తల తిప్పుకుంది. ఆ “అలాగే” నన్ను చెంపదెబ్బ కన్నా ఎక్కువ కొట్టింది.

ఇంటికెళ్ళి మా నాయనమ్మ బీజీ ముందు కూలబడి అంతా కక్కేశాను.

“ఓరి పిచ్చి సన్నాసీ! ఆ పిల్ల ఉద్యోగం మీదికి తెచ్చావట్రా?”

“కారు కొనేస్తే ఆమెను చూడటానికి ఇక వంక ఉండదు బీజీ!”

“వంకలెందుకురా, నోరుంది కదా? రేపు పద. అందరం వస్తాం.”

అందరూ అంటే అందరూ. పరాఠాల డబ్బాతో సహా షోరూమ్‌లో దిగారు. సీరత్ మొహంలో నవ్వు లేదు, మర్యాద మాత్రమే ఉంది. మావాళ్ళు ఎస్‌యూవీ తలుపులు తీసి ఎక్కేశారు. అలవాటుకొద్దీ నేను చివరి సీట్లోకి దూరాను. పాగా పైకప్పుకి తగల్లేదు. నా పక్క సీటు ఖాళీగా ఉంది.

దిగొచ్చాను. “ఇదే కావాలి. ముందు బుక్ చేయండి.”

ఆమె కాగితాలు తెచ్చింది. సంతకం పెట్టాను. తన పేరు కింద బుకింగ్ పడ్డాకే నోరు విప్పాను.

“కారు అమ్మడం అయిపోయింది. ఇప్పుడు మీరు కాదన్నా మీకొచ్చే నష్టం లేదు. సీరత్‌గారూ, నేను ఇన్నిసార్లు వచ్చింది కారు కోసం కాదు. మీ కోసం. నా వల్ల మాటలు పడ్డారు, క్షమించండి. మీరంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె వేళ్ళలో కలం ఆగిపోయింది. బండి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఐదు తలలు బయటికి వచ్చాయి.

“స్టెప్నీ చూడటానికి వచ్చినప్పుడే అనుమానం వచ్చింది” అంది నెమ్మదిగా. “కానీ మా అమ్మ ఒక్కతే. నేనెక్కడుంటే ఆవిడా అక్కడే. అది తెలిసే అడుగుతున్నారా?”

నేను నోరు తెరిచేలోగా బీజీ అందుకుంది. “ఏడు సీట్ల బండిలో ఏడుగురే ఎక్కడం మన పంజాబ్‌లో ఎక్కడైనా చూశావా తల్లీ? జరిగితే చోటదే వస్తుంది!”

“నువ్వాగమ్మా, వాణ్ణి చెప్పనీ” అన్నారు తాయాజీ.

“తెలిసే అడుగుతున్నాను” అన్నాను. “కూరగాయల సంచీని కూడా తీసుకురండి.”

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

రెండిళ్ళవాళ్ళూ మాట్లాడుకుని రోకా, అంటే పెళ్ళి ఖాయం చేసుకునే వేడుక, అయ్యాక బండి ఇంటికొచ్చింది. మొదట గురుద్వారాకి బయల్దేరాం. ముందు సీట్లలో తాయాజీ, నాన్న. మధ్యలో బీజీ, మా పెద్దమ్మ తాయీజీ, అమ్మ, సీరత్‌వాళ్ళమ్మ ఒకరినొకరు నెట్టుకుంటూ సర్దుకున్నారు. ఇరుకులో ఇబ్బంది పడుతోందేమోనని చూస్తే, మా కాబోయే అత్తగారు మా అమ్మతో ఊరగాయల గురించి వాదిస్తోంది.

“బండి నీదిరా! వచ్చి నడుపు” అన్నారు తాయాజీ తాళం చూపిస్తూ.

“వద్దు తాయాజీ, మీరే నడపండి” అన్నాను చివరి సీట్లోంచి.

నా మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. పక్కన సీరత్. ఇద్దరి మధ్యా లస్సీ క్యాన్, దాని మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి.

“జాగ్రత్తరా!” అని అరిచారు ముందునుంచి అందరూ.

“జాగ్రత్తగానే పట్టుకున్నాంలెండి” అంది సీరత్.