కోడలి కింద గీత

ఏ ఇంట్లోనైనా భోజనాల బల్ల బతికున్నవాళ్ళ కోసం ఉంటుంది. ఆ ఇంట్లో మాత్రం కొన్నాళ్ళుగా అది పోయినవాళ్ళకి దక్కింది. రిటైరైన ఇంజనీరు మామగారు బల్లంతా డ్రాయింగ్ షీటు పరిచి, మూలలు లేవకుండా నాలుగు గ్లాసులు బరువు పెట్టి, వంశవృక్షం గీస్తున్నాడు. బతికున్నవాళ్ళందరూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. తాగడానికి గ్లాసేదని ఎవరైనా అడిగితే ఆయన స్నానాల గది వైపు చూపించేవాడు, మగ్గు ఉందిగా అని.

ఆ రోజు ఉదయం కూడా కోడలు టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. ఆమె కాన్పుల ఆస్పత్రిలో నర్సు. పుట్టిన ప్రతి బిడ్డ మణికట్టుకీ తల్లి పేరు రాసిన పట్టీ కట్టడం ఆమె పని. కూతుర్ని బడిలో చేర్చాలని ఆ రోజు సెలవు పెట్టింది.

"వదినా, జడ వెయ్యి," అంటూ దువ్వెన పట్టుకుని వచ్చింది ఆ కూతురు.

అవును, కన్నతల్లినే. ఐదేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. తండ్రీ మేనత్తా నాయనమ్మని 'అమ్మా' అంటుంటే అదీ అమ్మా అంది. మేనత్త నర్సుని 'వదినా' అంటుంటే అదీ వదినా అంది. కన్నతండ్రేమో దానికి అన్నయ్య. మాటలొచ్చిన కొత్తలో అందరూ పడీ పడీ నవ్వారు, నర్సు కూడా నవ్వింది. కొన్నాళ్ళకి ఆమెకి నవ్వు రావడం మానేసింది. మిగతావాళ్ళు మానలేదు.

"అమ్మా అనవే తల్లీ," అని ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. "పిలుపులో ఏముంది అమ్మాయ్, కన్నది నువ్వే కదా, ఎక్కడికి పోతుంది," అని అత్తగారు తేల్చేసేది. ఆవిడకేం, ఎన్నయినా చెబుతుంది. పిలుపు ఆవిడ దగ్గరుంది.

జడ వేస్తూ నర్సు షీటు వైపు చూసింది. "ఎక్కడిదాకా వచ్చింది మామయ్యా?"

"ఒక్క చిక్కుముడి మిగిలింది. మా తాత ఎవరి కొడుకో తేలాలి," అన్నాడాయన.

ఆ వంశంలో పేరుమోసిన మనిషి ఒకావిడ ఉండేది. పెద్దావిడ అంటారు. మొగుణ్ణి ఒక మూల కూర్చోబెట్టి, పెద్ద బట్టల దుకాణం ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు భార్య గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. ఉందంటే ఉంది, అంతే.

"జనన రికార్డులో మా తాతకి తల్లి ఆ పెద్దకోడలని ఉంది. బడి రికార్డులో తల్లి పెద్దావిడ అని ఉంది. కోడలి కొడుకా, అత్త కొడుకా? ఒక మనిషికి ఇద్దరు తల్లులుండరు కదా."

"మరి మీరేమంటారు?"

"బడి రికార్డే సరైంది. మా తాత చివరిదాకా పెద్దావిడని అమ్మా అనే తలుచుకునేవాడు, నా చెవులతో విన్నాను. జనన రికార్డులోది వేరే పిల్లాడై ఉంటాడు. పుట్టి పోయుంటాడు."

వంటగదిలోంచి అత్తగారు తల బయటపెట్టింది. "అప్పటికే పెద్దావిడకి యాభై దాటాయన్నారుగా. ఈ వయసులో నేను కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఆవిడ పిల్లాణ్ణి కందా?"

"వెనకటివాళ్ళ తిండి వేరే," అని ఆయన కొట్టిపారేశాడు.

ఆడపడుచు చెప్పులు వేసుకుంటూ నవ్వింది. "తిండి కాదు వదినా, అసలు సంగతి వేరే ఉంది. తాత పెద్దావిడ కొడుకైతే మన కొమ్మ ఒక మెట్టు పైకెక్కుతుంది. వకీలు పెదనాన్న మా నాన్నకి కొడుకు వరస అయిపోతాడు."

వకీలు పెదనాన్నంటే ఇంజనీరుకి దాయాది, పెద్దావిడ చిన్నకొడుకు కొమ్మలోవాడు, వయసులో పెద్ద. ఏ ఇంట్లో ఏ పని జరిగినా ముందు కుర్చీ ఆయనదే. ఆదివారం దాయాదులందరూ వస్తున్నారు, ఈ చెట్టు చూడటానికి.

"రుజువైనదే గీస్తున్నాను," అన్నాడు ఇంజనీరు. మీసాల కింద నవ్వు మాత్రం దాగలేదు. "చిన్నాన్నగారూ అని పిలవాలి వాడు, అందరి ముందూ."

బడిలో ప్రధానోపాధ్యాయురాలి గది బయట బెంచీల నిండా తల్లులూ తండ్రులూ ఉన్నారు. పిడుగు వంతు వచ్చింది. పేరు చెప్పింది, అంకెలు చెప్పింది, అడక్కపోయినా ఒక పాట పాడింది. పెద్ద టీచరు ముచ్చటపడి, "మీ అమ్మ పేరేంటమ్మా?" అని అడిగింది.

పిడుగు నాయనమ్మ పేరు ఇంటిపేరుతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మరి ఈవిడెవరు?"

"మా వదిన."

నర్సు నోరు తెరిచేలోపే పెద్ద టీచరు రాసేసింది. "నేనేనండి దీని తల్లిని," అంది నర్సు. పెద్ద టీచరు ఆమెని కిందా మీదా చూసింది. "పిల్ల అలా అనడం లేదే," అంది. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రాసింది కొట్టేయడం కుదరదట, సర్టిఫికెట్ తెచ్చి అర్జీ పెట్టుకోవాలట. కన్నపిల్లకి తల్లినని అర్జీ పెట్టుకోవాలి. లోకంలో ఏ తల్లికైనా పట్టిందా ఈ గతి?

"అన్నీ బాగా చెప్పాను కదా వదినా?" అంది పిడుగు దారిలో, చెయ్యి ఊపుకుంటూ.

"బాగా చెప్పావు," అంది నర్సు. పిల్లని ఏమంటుంది? అది విన్నదే అంది. తిట్టాల్సినవాళ్ళు ఇంట్లో ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. ఇంజనీరు పెన్సిలు గీతల మీద సిరా దిద్దేశాడు. పెద్దావిడ గడి నుంచి మూడు గీతలు దిగాయి, మూడోది తాతకి. పెద్దకొడుకు పక్కన కోడలి గడి ఉంది. దాని కింద గీత లేదు. 'నిస్సంతు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"ఇదేంటి మామయ్యా?"

"పిల్లల్లేనివాళ్ళకి అలా రాయడం పద్ధతి."

"బాగుంది," అంది నర్సు. గొంతులో ఏదో తేడా ఉందని అందరూ తలెత్తారు. అప్పుడు బడిలో జరిగింది చెప్పింది. సగంలోనే భర్త ఫక్కున నవ్వాడు. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారికైతే ముఖం వెలిగిపోయింది, "నా పేరంతా చెప్పిందా, ఇంటిపేరుతోనా," అంటూ.

"నవ్వండి," అంది నర్సు. "మామయ్యా, మీ తాతని బడిలో వేసిన రోజు కూడా ఎవరో అడిగే ఉంటారు, మీ అమ్మ పేరేంట్రా అని. ఇంట్లో అందరూ ఎవర్ని అమ్మా అంటారో వాడూ ఆవిడ పేరే చెప్పుంటాడు."

నవ్వు ఆగిపోయింది.

"ఊహలతో వంశవృక్షాలు గీయరమ్మా, కాగితం ఉండాలి," అన్నాడు ఇంజనీరు.

"కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయిగా. ఆ కోడలు పోయినప్పటిది లేదా?"

ఆడపడుచు తండ్రి వైపు ఒకసారి చూసి, పక్కన పడేసిన కట్టలోంచి ఒక నకలు తీసింది. "ఇది ఉంది వదినా. పనికిరాదని నాన్న పక్కన పెట్టాడు." అది పెద్దకోడలి మరణ రికార్డు. కబురు చెప్పినవారు అన్నచోట తాత పేరు ఉంది. చనిపోయిన మనిషితో సంబంధం అన్నచోట 'కొడుకు' అని ఉంది.

"గుమాస్తా పొరపాటు అది," అన్నాడు ఇంజనీరు.

"ఐదేళ్ళ పిల్లాడు చెప్పింది వేదవాక్కు, పెద్దవాడై ఏడుస్తూ వెళ్ళి చెప్పింది పొరపాటా? సరే, ఇది చెప్పండి. మీ తాత ఎప్పుడైనా ఎవర్నైనా వదినా అని తలుచుకునేవాడా?"

ఇంజనీరు కళ్ళజోడు తీశాడు. దాన్ని తుడిచాడు. "ముసలితనంలో జ్వరం వచ్చినప్పుడల్లా 'మా వదిన ఉంటే నా నుదుటి మీద చెయ్యి తీసేది కాదు' అనేవాడు," అన్నాడు. "ఎవరో వదినలే అనుకున్నాం. పెద్దావిడ చిన్నకొడుకు ఆవిడని వదినా అనేవాడు మరి. ఆయన్ని చూసి మా తాతా..." అని ఆగిపోయాడు.

"అంటే ఆ తల్లి, బతికున్నన్నాళ్ళూ కొడుకుతో వదినా అనిపించుకుంది. పోయాక ఒక్క కాగితంలో అమ్మ అయింది. ఆ ఒక్కటీ మీరు పక్కన పారేశారు. ఎందుకు? వకీలుగారితో చిన్నాన్నా అనిపించుకోవడానికి. పిలుపు మీకు అంత ముఖ్యమా మామయ్యా? మరి నేనడిగితే పిలుపులో ఏముందన్నారే ఇంట్లో అందరూ?"

"ఇంత చిన్న విషయానికి..." అని భర్త మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ గోడ మీద పిల్లిలా కూర్చున్న మనిషి, దిగక దిగక ఇప్పుడు దిగాడు.

"చిన్న విషయమా? అయితే రేపట్నుంచి పక్కింటాయన్ని నాన్నా అని పిలవమంటాను దాన్ని. అప్పుడూ ఇలాగే నవ్వండి."

అతను షీటు అంచు సర్దడం మొదలుపెట్టాడు.

అత్తగారికి మాత్రం కోపం వచ్చింది. "నువ్వు డ్యూటీకి పోతే దాన్ని చూసిందెవరు? ముద్ద పెట్టిందెవరు, జోకొట్టిందెవరు? అమ్మా అనిపించుకునేపాటి చాకిరీ నేను చెయ్యలేదా?"

"చేశారు అత్తయ్యా. మీరు లేకపోతే నాకు ఉద్యోగమే లేదు. నాయనమ్మా అంటే ఆ చాకిరీ తరిగిపోతుందా? మీకు అమ్మా అనడానికి ఇద్దరు పిల్లలున్నారు. నాకున్నది అదొక్కతే." ఆమె ఆ 'నిస్సంతు' మీద వేలు పెట్టింది. "నేనూ పోయేదాకా ఆగాలా? పోయాక అది వెళ్ళి ఏ కాగితంలోనో కూతురని రాయిస్తుందా? దాన్ని కూడా ఎవరో ఒకరు పొరపాటని కొట్టేస్తారు."

అత్తగారు షీటు మీదికి వంగి ఆ 'నిస్సంతు' అన్న మాట వైపే చూసింది. కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది.

"వీడు," అంది కొడుకు వైపు చెయ్యి చూపించి, "ఎనిమిదేళ్ళొచ్చేదాకా నన్ను పెద్దొదినా అన్నాడు, వాళ్ళ బాబాయిలు అన్నట్టే."

"నాకు గుర్తే లేదమ్మా," అన్నాడు కొడుకు.

"నీకెందుకుంటుంది? మా అత్తగారే అమ్మ అప్పుడు నీకు. అడిగితే నాకూ ఇదే చెప్పారు, పిలుపులో ఏముందని. ఆవిడ పోయిన రోజు ఇల్లంతా ఏడుస్తోంది. వీడు ఎవరి దగ్గరికి పోవాలో తెలీక తిరిగి తిరిగి, వచ్చి నా ఒళ్ళో పడి అమ్మా అన్నాడు. నేను ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాను. అత్తంటే ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు." ఆవిడ అరచేత్తో ముఖం తుడుచుకుంది. "సంతోషంతో ఏడ్చాను అమ్మాయ్. చావింట్లో సంతోషపడ్డ మనిషిని నేను. అంత పాపిష్టి సంతోషం నేను పడి, మళ్ళీ నీకూ అదే దారి వేశాను. నా చావు కోసం నువ్వు కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. రేపట్నుంచే దానికి అమ్మవి నువ్వు."

అంతసేపూ నిప్పులు చెరిగిన నర్సు ఆ మాటకి కరిగిపోయింది. "అంత మాటలొద్దు అత్తయ్యా," అంటూ వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు. వాళ్ళకి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

ఇంజనీరు బ్లేడు తెచ్చాడు. సిరా ఎండిపోయింది, ఒక పట్టాన పోలేదు. కాగితం చిరగకుండా గోకి గోకి ఆ మాట తీసేశాడు. పెద్దావిడ నుంచి దిగిన మూడో గీతనీ తీసేశాడు. కోడలి గడి కింద కొత్త గీత గీసి, దాని చివర తాత పేరు రాశాడు.

"మెట్టు దిగిపోయావు నాన్నా," అంది ఆడపడుచు మెల్లగా.

"వకీలు నాకు అన్నయ్యే," అన్నాడాయన. "ఉన్నదుంది."

తెల్లవారి వంటగదిలో అత్తగారు పాలు కాస్తోంది. నర్సు డ్యూటీకి వెళ్ళాలని గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటోంది. పిడుగు కళ్ళు నులుముకుంటూ వచ్చి, "అమ్మా, పాలు," అంది నాయనమ్మతో. ఆవిడ వెనక్కి తిరగలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి అరిచింది. ఆవిడ పొయ్యి వైపే చూస్తూ నిలబడింది.

పిడుగు పరుగెత్తుకుని వచ్చింది. "వదినా, అమ్మకి చెవుడొచ్చింది."

"నాకేం చెవుడు రాలేదే," అంది అత్తగారు లోపలి నుంచి. "నేను నాయనమ్మని. మీ అమ్మ అదిగో, బూట్లు వేసుకుంటోంది. కావలిస్తే ఆవిడ్ని పిలువు."

పిడుగుకి రోషం వచ్చింది. ఈ పెద్దవాళ్ళకి నిన్నటిదాకా లేని పట్టింపు ఇవాళెక్కడిది? ఇద్దరి మధ్యా నిలబడి, ఇటు చూసి అటు చూసి, ఎవరి వైపూ చూడకుండా నేల మీద కాలు కొట్టి, "అమ్మా," అంది.

అత్తగారి చెయ్యి అలవాటుగా గ్లాసు మీదికి వెళ్ళింది. గట్టిగా పట్టుకుంది, ఇటు తిరగలేదు, పలకలేదు. ఆవిడ భుజాలు వణకడం గుమ్మంలోంచి నర్సుకి కనిపిస్తూనే ఉంది. నర్సు ఒక కాలికే బూటుతో లేచింది.

"ఆఁ, వస్తున్నానమ్మా," అంది.